తమ్ముడికి మనం చెప్పాల్సిన మాట

చెల్లెమ్మలూ, ఈసారి మన ముచ్చట మగవాళ్ళ గురించి. విడాకులైన తండ్రుల గురించి, వాళ్ళు పిల్లలకు కట్టాల్సిన మనోవర్తి గురించి. "మనోవర్తి అంటే ఆడపిల్ల కష్టం కదా అక్కా, మగవాడి గోడు మనకెందుకు?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. ఆ మగవాడు మనింటివాడే కాబట్టి మనకు కావాలి. మన తమ్ముడు, మన అన్న, మన కొడుకు. కోర్టు నోటీసు వచ్చిన రాత్రి వాడికి అన్నం పెట్టి, పక్కన కూర్చుని సలహాలు చెప్పేది మనమే. ఆ సలహా మంచిదైతే వాడు గట్టెక్కుతాడు. చెడ్డదైతే వాడితో పాటు ఒక పసిబిడ్డ కూడా నష్టపోతుంది.

మనిళ్ళలో వినబడే సలహాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. "నోటీసు తీసుకోకురా, ఊళ్ళో లేవని చెప్దాం." "ఉద్యోగం మానెయ్, జీతమే లేకపోతే ఏమడుగుతారు?" "ఇల్లు అక్క పేరు మీద రాసెయ్." "పిల్లని చూపించేదాకా పైసా ఇవ్వకు." ఈ నాలుగు మాటలూ మనం ప్రేమతోనే అంటాం, వాడి మొహం చూసి తట్టుకోలేక అంటాం. కానీ నాలుగూ చివరికి వాడి మెడకే చుట్టుకుంటాయి. ఎలా చుట్టుకుంటాయో ఒక్కొక్కటే చెప్తాను, ఓపిగ్గా వినండి.

అంతకన్నా ముందు ఒక సంగతి. కోర్టు పిల్ల పేరున ఇప్పించే డబ్బు పిల్లది. తల్లి చేతికి ఇస్తారు, ఎందుకంటే పిల్లను సాకుతున్నది ఆవిడ. భార్యకిచ్చే భరణం వేరు, బిడ్డకిచ్చే మనోవర్తి వేరు. మాజీ భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆవిడ భరణం ఆగొచ్చు గానీ బిడ్డ హక్కు ఆగదు. పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు కాగితం మీద "పిల్లకు కూడా ఏమీ అక్కర్లేదు" అని తల్లి సంతకం పెట్టినా, ఆ మాట బిడ్డను కట్టెయ్యదు. తన హక్కును తల్లి వదులుకోవచ్చు, బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆవిడకు లేదు. కొన్నేళ్ళ తర్వాత పిల్ల తరఫున కేసు పడినప్పుడు "అన్నీ అప్పుడే తేల్చుకున్నాం కదా" అని తండ్రి లబోదిబోమంటాడు. అందుకే విడిపోయే రోజునే పిల్ల సొమ్ము ఎంత, స్కూలు ఫీజు ఎవరు కట్టాలి, ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఏడాదికి ఎంత పెంచాలి అన్నది స్పష్టంగా రాసుకుంటే అది తల్లికే కాదు, తండ్రికీ రక్షణే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. మనవాళ్ళు ఇప్పటికీ "125 కేసు" అనే అంటారు. పాత నేర విచారణ స్మృతిలో అది 125వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అదే 144వ సెక్షను అయింది. మతంతో సంబంధం లేకుండా ఇది అందరికీ వర్తిస్తుంది. మన హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో 2024 జులై 10న వచ్చిన తీర్పు, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షను కింద అడగొచ్చని తేల్చి చెప్పింది. ముస్లిం తండ్రి తన పిల్లలకు ఈ సెక్షను కిందే బాధ్యుడని 1997లోనే నూర్ సబా ఖాతూన్ కేసులో చెప్పారు. పిల్లలకు 18 ఏళ్ళు నిండేదాకా ఈ హక్కు ఉంటుంది. శారీరకంగానో మానసికంగానో సొంతంగా బతకలేని బిడ్డ అయితే ఆ తర్వాత కూడా ఉంటుంది. హిందూ కుటుంబాల్లో, తనను తాను పోషించుకోలేని కూతురికి పెళ్ళయ్యేదాకా అడిగే హక్కును 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఇస్తోంది.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న, ఎంత కట్టాలన్నది. ఒకప్పుడు ఈ సెక్షను కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలే ఉండేది కాదు. 2001లో ఆ పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు పై హద్దు లేదు, లెక్కకట్టే సూత్రమూ లేదు. "జీతంలో నాలుగో వంతు" అని బయట చెప్పుకునేది, సుప్రీంకోర్టు 1970లో ఒకసారి, 2017లో మరోసారి భార్య భరణం విషయంలో వాడిన కొలమానం. పిల్లల ఖర్చు దానికి అదనంగా ఉండొచ్చు. తండ్రి సంపాదన, ఆస్తి, బాధ్యతలు, తల్లి సంపాదన, బిడ్డ అవసరాలు, అంతకు ముందు ఆ ఇంట్లో బతికిన తీరు, ఇవన్నీ కలిపి చూసి జడ్జి నిర్ణయిస్తారు. అంటే ఎంత అన్నది చాలావరకు తండ్రి కోర్టులో ఏం చెప్పాడు, ఏ కాగితం పెట్టాడు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఏమీ చెప్పని తండ్రి తన గురించి అవతలివాళ్ళు చెప్పిందే నిజమయ్యేలా చేసుకుంటాడు.

ఇక మొదటి సలహాకు వద్దాం. నోటీసు తీసుకోకపోతే కేసు ఆగదమ్మా. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే వాడు లేకుండానే విచారణ జరిపి ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చేస్తారు. సరైన కారణం చూపించి దాన్ని రద్దు చేయించుకోవడానికి చట్టం ఇచ్చే గడువు మూడు నెలలే. ఉత్తర్వు వచ్చిన సంగతి కూడా తెలియని తండ్రికి ఆ మూడు నెలలు ఎప్పుడు గడిచిపోయాయో కూడా తెలియదు. ఒకరోజు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వారెంటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఇక్కడే మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఒకటుంది. 2020 నవంబరు 4న రజనీష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది. జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన తెలంగాణ బిడ్డ జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కలిసి ఇచ్చిన తీర్పు అది. దేశంలోని అన్ని కోర్టులకూ కొన్ని పద్ధతులు పెట్టింది. అందులో ముఖ్యమైనది: మనోవర్తి ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్క. మరో పద్ధతి: తండ్రి జవాబూ, ఆస్తిపాస్తుల అఫిడవిట్టూ నాలుగు వారాల్లోగా దాఖలు చెయ్యాలి. అందుకు మామూలుగా రెండు అవకాశాలకు మించి ఇవ్వరు. ఇంకా సాగదీస్తే అతని వాదనే కొట్టేసే వీలు కోర్టుకుంది.

దరఖాస్తు రోజు నుంచి లెక్క అంటే ఏమవుతుందో ఆ కేసులోనే చూడండి. నాగపూర్ ఫ్యామిలీ కోర్టు 2015 ఆగస్టులో మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, 2013 సెప్టెంబరు నుంచి భార్యకు నెలకు 15,000, పసిబిడ్డకు నెలకు 5,000 రూపాయలు కట్టమంది. ఆ నెల చివరికి లెక్కేస్తే 24 నెలలు, నెలకు 20,000 చొప్పున 4,80,000 రూపాయలు. ఆ తర్వాత బిడ్డ సొమ్ము నెలకు 10,000 అయింది. తండ్రి హైకోర్టుకు వెళ్ళాడు, సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. చివరికి 2020లో సుప్రీంకోర్టు భార్యకు పడ్డ బకాయిలన్నీ 12 వారాల్లో కట్టమని ఆదేశించింది. సాగదీసిన ప్రతి వాయిదా ఆ బకాయికి ఇంకో నెల కలిపింది. వాయిదా పడిందని మన తమ్ముడు బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంటాడు చూడండీ, ఆ రోజే వాడి నెత్తిన అప్పు ఇంకొంచెం పెరిగిందని వాడికి చెప్పేవాళ్ళు ఉండాలి. అది మనమే చెప్పాలి.

రెండో సలహా, ఉద్యోగం మానెయ్యమనడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఆరోగ్యంగా, చదువుకుని, చెయ్యగలిగిన స్థితిలో ఉన్న తండ్రి "నాకు ఆదాయం లేదు" అంటే కోర్టులు ఒప్పుకోవడం లేదు. వాడు ఎంత సంపాదించగలడో అంచనా వేసి దాని మీద మనోవర్తి వేస్తారు. శారీరక శ్రమ చేసైనా సరే భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో అంజూ గర్గ్ కేసులో గట్టిగా చెప్పింది. అప్పుడేమవుతుంది? ఉన్న జీతం పోతుంది, అప్పు మాత్రం జీతం ఉన్నట్టే పెరుగుతుంది. పైగా అఫిడవిట్టులో జీతం చీటీలు, బ్యాంకు ఖాతాలు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు, ఇన్సూరెన్సులు, అప్పులు, ఆధారపడ్డవాళ్ళు అన్నీ రాయాలి. అందులో అబద్ధం రాస్తే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం కిందికి వస్తుంది, దానిమీద వేరే చర్య తీసుకోవచ్చు. మనోవర్తి కేసు చేతిలో ఉన్నవాడికి దొంగ అఫిడవిట్టు కేసు కూడా తెచ్చిపెట్టిన అక్క, అక్క ఎలా అవుతుంది?

నిజంగానే ఉద్యోగం పోయిన తండ్రి వేరు. కంపెనీ మూతపడొచ్చు, ప్రమాదం జరగొచ్చు, జబ్బు చెయ్యొచ్చు. అలాంటి తండ్రి కోసం చట్టంలో ప్రత్యేకంగా ఒక తలుపు ఉంది. పరిస్థితులు మారితే మనోవర్తి మొత్తాన్ని మార్చమని అడిగే హక్కు, పాత చట్టంలో 127, కొత్త చట్టంలో 146వ సెక్షను. అది తల్లికీ ఉంది, తండ్రికీ ఉంది. కానీ ఆ మొత్తం తనంతట తాను తగ్గదు. ఉద్యోగం పోయింది కదా అని ఊరుకుంటే పాత లెక్కే నడుస్తూ ఉంటుంది. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, కొత్త ఉద్యోగం కోసం పెట్టిన అర్జీలు, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఆ నెలలోనే వకీలు దగ్గరికి పరుగెత్తాలి. ఆ అర్జీ తేలేలోగా తనకు చేతనైనంత, సగమో పావో, ప్రతి నెలా కడుతూ ఉండాలి. కట్టగలిగినంత కట్టినవాడి మాటకు కోర్టులో ఉన్న విలువ ఏమీ కట్టనివాడి మాటకు ఉండదు.

మూడో సలహా, ఆస్తిని అక్క పేరు మీదో అమ్మ పేరు మీదో రాసెయ్యడం. ఇందులో మనం కూడా ఇరుక్కుంటాం. మనోవర్తి హక్కున్నవాళ్ళను తప్పించుకోవడానికి ఇల్లో పొలమో ఉచితంగా రాయించుకుంటే, ఆ హక్కు ఆ ఆస్తి వెంట మన దాకా రాగలదు. ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షను ఆ దారి ఇస్తోంది. రేపు సమన్లు మన పేరున వస్తాయి. మన అత్తింట్లో మన మాట పోతుంది. తమ్ముడి కష్టం తీర్చబోయి తమ్ముడి బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కున్న మేనత్తగా మిగిలిపోతాం. మేనత్త చెయ్యాల్సిన పనా అది?

ఇంకో రకం దాపరికం కూడా ఉంది. కేసు పడగానే కొత్త కారుకు లోను, ఇంటికి లోను, చిట్టీలు పెట్టి, "చేతికొచ్చేది ఇంతే" అని చూపించడం. పన్ను, ప్రావిడెంట్ ఫండ్ లాంటి తప్పనిసరి కోతల్ని కోర్టు చూస్తుంది గానీ, మనంతట మనం పెట్టుకున్న కిస్తీల్ని అదే కన్నుతో చూడదు. 2024 డిసెంబరులో, నష్టాల్లో పడ్డ ఒక వజ్రాల వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడండి. హైకోర్టు వేసిన మొత్తం మోయలేనన్న అతని మాట విని అంతకు ముందే దాన్ని సగానికి తగ్గించింది. కానీ పడ్డ బకాయిలకు మాత్రం అప్పిచ్చిన బ్యాంకుల కన్నా భార్యాపిల్లలకే ముందు హక్కు ఉందని చెప్పింది. కష్టం చెప్పుకున్న తండ్రికి ఊరట దొరికింది, బకాయి మాత్రం ఎక్కడికీ పోలేదు.

నాలుగో సలహా, "పిల్లని చూపించందే పైసా ఇవ్వకు". ఈ మాట వెనక ఉన్న బాధ నాకు తెలుసు. ఆదివారం అంతా కోర్టు చెప్పిన చోట కూర్చుని, పిల్ల రాకపోతే తిరిగి వచ్చే తండ్రుల కళ్ళు చూస్తే గుండె కరిగిపోతుంది. అయినా ఈ రెంటినీ ముడిపెట్టకూడదు. డబ్బు ఆగినా పిల్లను చూపించాల్సిందే, పిల్లను చూపించకపోయినా డబ్బు కట్టాల్సిందే. చూపించకపోతే దానికి వేరే అర్జీ ఉంది. తల్లిదండ్రులు విడిపోయినా ఇద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డకుందని, దూరాన ఉన్న తండ్రితో ఫోనులో, వీడియో కాల్‌లో మాట్లాడించాలని 2020లో యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి నెలా ఒకటో తారీఖుకు డబ్బు కట్టిన తండ్రి ఆ అర్జీ పట్టుకుని జడ్జి ముందు తలెత్తుకుని నిలబడగలడు. కట్టనివాడు తన బిడ్డను చూసే హక్కు అడిగేటప్పుడు కూడా ముందు బకాయికి జవాబు చెప్పుకోవాలి.

కట్టకపోతే ఏం జరుగుతుందో దాచకుండా చెప్తాను. సరైన కారణం లేకుండా ఆపితే, జరిమానా వసూలు చేసినట్టు వసూలు చెయ్యమని వారెంటు ఇస్తారు. ఒక్కో నెల బకాయికి ఒక నెల దాకా జైలు వెయ్యొచ్చని సెక్షన్లోనే ఉంది. "జైలుకెళ్ళొస్తే బకాయి మాఫీ" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జైలు అనేది డబ్బు కట్టించడానికి వాడే ఒక పద్ధతి మాత్రమే, కట్టినట్టు కాదని కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో 1980ల చివర్లోనే తేల్చింది. బయటికొచ్చాక కూడా ఆ డబ్బు అలాగే ఉంటుంది, ఉద్యోగం మాత్రం ఉంటుందన్న నమ్మకం లేదు. జీతం జప్తు చేస్తే మామూలు అప్పులకు దొరికే రక్షణ ఇక్కడ దొరకదు. మామూలు అప్పుకు మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీ అయితే జీతంలో మూడో వంతు మాత్రమే వాడికి మిగిల్చి, మిగతాదంతా జప్తు చేసే వీలుంది. సర్కారు ఉద్యోగి అయితే జీతం ఇచ్చే ఆఫీసుకే ఉత్తర్వు వెళ్తుంది. ఆఫీసంతా తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళ అక్కలు మీలో బోలెడంతమంది ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ పిల్లల డబ్బు వసూలు చెయ్యడానికే 1975 నుంచి ప్రభుత్వ యంత్రాంగం నడుస్తోంది. టెక్సాస్‌లో అయితే సాధారణంగా ఒక బిడ్డకు తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25 శాతం, ఒక పరిమితి దాకా లెక్కిస్తారు. ఉత్తర్వు నేరుగా కంపెనీకి వెళ్తుంది, జీతం చేతికి రాకముందే కోసేస్తారు. ఆ కోత పరిస్థితిని బట్టి చేతికొచ్చే జీతంలో 50 నుంచి 65 శాతం దాకా వెళ్ళడానికి కేంద్ర చట్టం ఒప్పుకుంటుంది. అన్నిటికన్నా కఠినమైంది 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ. కట్టని ప్రతి వాయిదా ఆ రోజే కోర్టు తీర్పుతో సమానమైన అప్పు అయిపోతుంది. తర్వాత ఏ జడ్జీ దాన్ని వెనక్కి తగ్గించలేడు. తగ్గించమని అర్జీ వేసి అవతలివాళ్ళకు తెలియజేసిన తేదీ నుంచి ముందుకు మాత్రమే తగ్గించగలడు. దివాలా తీసినా ఈ అప్పు పోదు.

ఇప్పుడు హెచ్‌1బి వీసా మీద ఉన్న మనవాడి సంగతి ఆలోచించండి. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది 60 రోజుల వరకు గడువు. ఆ కంగారులో ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు అమ్మి, విమానం ఎక్కేస్తాడు. పిల్లల డబ్బు తగ్గించమన్న అర్జీ ఒక్కటి మర్చిపోతాడు. హైదరాబాదులో సగం జీతానికి పని చేస్తుంటే అక్కడ పాత డాలర్ల లెక్కే పెరుగుతూ ఉంటుంది. అందుకే విమానం టికెట్టు కన్నా ముందు ఆ అర్జీ వెయ్యమని చెప్పండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడైతే 2,500 డాలర్లు దాటి బకాయి పడితే పాస్‌పోర్టు ఇవ్వరు. గ్రీన్‌కార్డు మీద ఉండి పౌరసత్వం కోరేవాడైతే, కావాలని పిల్లల్ని పోషించకపోవడం సత్ప్రవర్తన పరీక్షలో అడ్డం వస్తుంది. 2011లో టర్నర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, కట్టే స్తోమత ఉందో లేదో సరిగ్గా విచారించకుండా తండ్రిని జైల్లో పెట్టకూడదని చెప్పింది. ఆ దేశంలోనైనా ఈ దేశంలోనైనా, నోరు విప్పి కాగితం చూపించిన తండ్రికే ఆ రక్షణ పనికొస్తుంది.

ఇంత చెప్పానని తండ్రులకు కష్టమే లేదని నేననడం లేదు. ఒక జీతం మీద నడిచిన ఇల్లు రెండిళ్ళయ్యాక ఎవరికీ సరిపోదు. అద్దె, ముసలి తల్లిదండ్రుల మందులు, వకీలు ఫీజులు, వాయిదాలకు పెట్టే సెలవులు అన్నీ ఆ జీతంలోంచే రావాలి. కట్టిన మనోవర్తికి ఇన్‌కంటాక్స్‌లో మినహాయింపు కూడా లేదు. గృహహింస కేసులో ఒకటి, విడాకుల కేసులో ఒకటి, 144 కింద ఒకటి, మూడు చోట్ల మూడు ఉత్తర్వులు వస్తే గుండె ఆగినంత పనవుతుంది. వీటిలో చాలావాటికి జవాబు రజనీష్ – నేహా తీర్పులోనే ఉంది. ఒక కోర్టు ఇప్పించినదాన్ని ఇంకో కోర్టు లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చెయ్యాలి. మనోవర్తి తండ్రి మోయలేనంత ఎక్కువా ఉండకూడదు, భార్యను పేదరికంలోకి నెట్టేంత తక్కువా ఉండకూడదు. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే అయినా, తల్లి బాగా సంపాదిస్తుంటే ఇద్దరూ వాళ్ళ వాళ్ళ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చు. మన తమ్ముడి మీద ఆధారపడ్డ అమ్మానాన్నల పేర్లు రాయడానికి ఆ అఫిడవిట్టులోనే చోటుంది. అవన్నీ రాసుకునే హక్కు వాడికుంది. రాయకుండా ఇంటికొచ్చి ఏడిస్తే కోర్టుకు ఎలా తెలుస్తుంది?

మరి తమ్ముడికి ఏం చెప్పాలి? నోటీసు తీసుకోమని, మొదటి వాయిదాకే వెళ్ళమని చెప్పండి. వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరూ తోడు వెళ్ళండి. అఫిడవిట్టు నిజం రాయమనండి, తల్లి ఆదాయం గురించి తెలిసింది కూడా రాయమనండి. ఉత్తర్వు రాకముందు నుంచే పిల్ల కోసం నెలనెలా కొంత పంపమనండి. చేతికి నోట్లు ఇవ్వొద్దు, పిల్ల తల్లి ఖాతాకు బ్యాంకు ద్వారానే వెయ్యాలి. ఏ నెల మనోవర్తో పంపించేటప్పుడే రాయాలి. పుట్టినరోజుకు కొన్న సైకిలూ, పండక్కి పెట్టిన బట్టలూ ప్రేమగా ఇవ్వాలి గానీ, వాటిని మనోవర్తిలోంచి కోసుకోకూడదు. స్కూలు ఫీజు నేరుగా కడతానంటే మంచిదే, కానీ అది ఉత్తర్వులో రాయించుకోవాలి. లేకపోతే దాన్ని కోర్టు కలుపుకుంటుందన్న హామీ లేదు. రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టే బాధ్యత, కావాలంటే అమ్మ తీసుకోవచ్చు. ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగునీ మధ్యవర్తిత్వాన్నీ చిన్నచూపు చూడొద్దు. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం ఇద్దరూ నిలబెట్టుకోగలిగే మొత్తం అవుతుంది. వకీలు ఫీజుకు డబ్బు లేని తండ్రి, ఆదాయ పరిమితికి లోబడి ఉంటే, కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును అడగొచ్చు.

పిల్లను ఒంటరిగా పెంచుతున్న చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. మీ బిడ్డ హక్కును గట్టిగా అడగండి, మొహమాటపడకండి. బకాయి పడితే వారెంటు కోసం ఏడాదిలోగానే అర్జీ వెయ్యాలి, ఆ గడువు దాటనివ్వకండి. మీరూ మీ అఫిడవిట్టులో మీ జీతం దాచకండి. డబ్బు ఆలస్యమైందని బిడ్డను తండ్రికి దూరం చెయ్యకండి. ఉద్యోగం పోయిందని అతను నిజాయితీగా కాగితం చూపిస్తే, కొన్నాళ్ళు తగ్గించుకోవడానికి ఒప్పుకుని, దాన్ని కోర్టులో రాయించండి. జైల్లో కూర్చున్న తండ్రి మీ బిడ్డ ఫీజు కట్టలేడు.

ఇదంతా చదివి మన తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి, వాడిని వెనకేసుకు రాకండి కూడా. విడాకులు భార్యాభర్తల మధ్య జరిగాయి. తండ్రికీ బిడ్డకూ మధ్య ఏ కోర్టూ విడాకులు ఇవ్వలేదు, మన మేనకోడలికీ మనకూ మధ్య అసలే ఇవ్వలేదు. తండ్రిని నిలువునా ముంచేది మనోవర్తి కాదమ్మా, మౌనమూ దాపరికమూ ఆలస్యమూ. ఈ మూడింటి నుంచి వాడిని కాపాడగలిగేది ఇంట్లోవాళ్ళే. మీ ఇంట్లో అలాంటి తమ్ముడుంటే ఈ రాత్రే వాడిని కూర్చోబెట్టి మాట్లాడండి. నోటీసు ఉంటే బయటికి తీయించండి, బకాయి ఉంటే లెక్క రాయించండి, ఈ నెల డబ్బు ఈ నెలే పంపించండి.